నూటయాభై శాతం కటాక్షం

కృష్ణా జిల్లా శ్రీకాకుళంలో కొలువైన ఆంధ్రనాయకస్వామిని కాసుల పురుషోత్తమ కవి శతకం పొడుగునా దెప్పిపొడుస్తూనే పొగిడాడు. అంత విద్య నాకు లేదు. అందుకని ఏ మెలికా పెట్టకుండా ఉన్న మాట ఉన్నట్టు పొగడదలచుకున్నాను. ఈ పొగడ్త అందుకోవలసింది కంప్యూటర్లలో తెర మీది అక్షరాలనూ బటన్లనూ పెద్దవి చేసి చూపే డిస్‌ప్లే స్కేలింగ్ అనే ఏర్పాటు. దానితోపాటు, దాన్ని ఇన్నేళ్లుగా చెక్కుచెదరకుండా ఇదే స్థితిలో కాపాడుకొస్తున్న పెద్దలు.

ముందుగా అది మనకు చేసే మేలు చెప్పాలి. మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో అడ్డంగా 1920, నిలువునా 1080, వెరసి 20 లక్షల 73 వేల పైచిలుకు పిక్సెళ్లు. 4కే మానిటర్‌లో 3840, 2160. వెరసి దాదాపు 83 లక్షలు. సరిగ్గా నాలుగింతలు. పాతిక ముప్పై వేలు పోసి ఈ 83 లక్షల చుక్కల్ని ఇంటికి తెచ్చుకున్నవాడికి కాస్త గర్వం ఉంటుంది. ఇక అక్షరాలు అచ్చు పుస్తకంలోలాగా కనిపిస్తాయన్న ఆశ కూడా ఉంటుంది. గర్వమూ మంచిది కాదు, ఆశా మంచిది కాదు. ప్లగ్గు పెట్టి స్విచ్ వేసిన కాసేపట్లోనే ఈ రెండింటినీ వదిలించే పూచీ స్కేలింగ్‌ది. ఇంత తొందరగా ఫలితం చూపించే గురువులు ఎంతమంది ఉన్నారు?

దీనికి వంశచరిత్ర కూడా ఉంది. 1984లో వచ్చిన మాకింటోష్ తెర మీద అంగుళానికి 72 చుక్కలు. అచ్చుపనివాళ్ల లెక్కలో అంగుళానికి 72 పాయింట్లు కాబట్టి ఒక పాయింటుకు ఒక చుక్క, లెక్క తేలిక. తెరను కాగితం కన్నా దూరం నుంచి చూస్తాం, అక్షరం మరికాస్త పెద్దదిగా ఉండాలి అని మైక్రోసాఫ్ట్ వాళ్లు దాన్ని మూడో వంతు పెంచి 96 చేశారు. అప్పటికి అది సబబైన లెక్కే. తర్వాత జరిగిందే గొప్ప: ఆ 96 లెక్కగా ఉండటం మానేసి ఆచారమైపోయింది. ప్రోగ్రాములు రాసేవాళ్లు బటన్ ఎంత ఉండాలో మిల్లీమీటర్లలోనో అక్షరాల కొలతలోనో ఆలోచించే శ్రమ పెట్టుకోలేదు. చుక్కలు లెక్కపెట్టి రాసేశారు. విండోస్‌లో మామూలు బటన్ 75 చుక్కల వెడల్పు, 23 చుక్కల ఎత్తు. అంగుళానికి 96 చుక్కలున్న తెర మీద అది ఇంచుమించు 20 మిల్లీమీటర్లు, 6 మిల్లీమీటర్లు. 27 అంగుళాల 4కే మానిటర్‌లో అంగుళానికి 163 చుక్కలు. స్కేలింగ్ లేకుండా చూస్తే అదే బటన్ ఎత్తు మూడున్నర మిల్లీమీటర్లు. 15.6 అంగుళాల 4కే ల్యాప్‌టాప్‌లో రెండే రెండు మిల్లీమీటర్లు. అందులో ‘ఓకే’ ఒకటి, దాన్ని ఆనుకుని ‘క్యాన్సిల్’ ఒకటి. ఏకాగ్రత కుదరడం లేదని ధ్యాన కేంద్రాలకు డబ్బు కట్టేవాళ్లు ఈ మార్గాన్ని ఎందుకు పట్టించుకోరో తెలియదు.

ఇదంతా తెలియక జరిగిందని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఐబీఎం 2001లోనే టీ221 అనే మానిటర్ తెచ్చింది: 22.2 అంగుళాలు, 3840 బై 2400, అంగుళానికి 204 చుక్కలు. అంటే ముందుముందు ఎలాంటి తెరలు రాబోతున్నాయో పరిశ్రమకు అప్పుడే తెలుసు. తెలిసీ తొణకలేదు, బెణకలేదు. నిండుకుండలు.

2007లో విండోస్ విస్టాతో అసలు లీల మొదలైంది. ప్రోగ్రాములు చుక్కల లెక్క వదలమని మొండికేశాయి కాబట్టి వాటిని మార్చే బదులు వాటికి అబద్ధం చెబితే పోతుందని విండోస్ తీర్మానించింది. ‘నాయనా, లోకమేం మారలేదు, నువ్వున్నది అంగుళానికి 96 చుక్కల తెర మీదే’ అని ప్రోగ్రాంను నమ్మిస్తుంది. 150 శాతం స్కేలింగ్ పెట్టిన 4కే మానిటర్‌ను దానికి 2560 బై 1440 తెరగా చూపిస్తుంది. అది నమ్మి, ఆ కొలతకు బొమ్మ గీసి ఇస్తుంది. విండోస్ ఆ బొమ్మను ఒకటిన్నర రెట్లు సాగదీసి తెర మీద పరుస్తుంది. ఇక్కడ చిన్న చిక్కు. ఒక చుక్క ఒకటిన్నర చుక్కలు కావాలి. అర చుక్క అనేది తెరలో ఎక్కడా లేదు. అందుకని నల్లగీత అంచున, నలుపూ కాని తెలుపూ కాని బూడిదరంగు నీడ ఒకటి వచ్చి చేరుతుంది. అక్షరానికి రెండు పక్కలా అదే. పేజీ నిండా అదే. దీన్ని మసక అనేవాళ్లు దయ అంటే ఏమిటో తెలియనివాళ్లు. కాలం మారిపోయిందన్న చేదు నిజం ఒక ముసలి ప్రోగ్రాం చెవిన పడకుండా ఇంత జాగ్రత్తగా చూసుకోవడం మనుషుల ఇళ్లలో కూడా అరుదు. పైగా లెక్క చూడండి: ప్రోగ్రాం గీసింది 37 లక్షల చుక్కలు, మనం డబ్బు కట్టింది 83 లక్షలకు. మిగతా 46 లక్షలు ఏమయ్యాయి? మసకను మోస్తున్నాయి. ఒక్కటీ ఖాళీగా కూర్చోలేదు.

ఈ దర్శనంలో ప్రోగ్రాములకు వర్ణవ్యవస్థ లాంటిది కూడా ఏర్పరిచారు. అంగుళానికి చుక్కలు మారతాయన్న ఎరుక బొత్తిగా లేనివి మొదటి తెగ. ఎరుక ఉంది గానీ లాగిన్ అయినప్పుడు చూసిన తెర గురించే ఉన్నవి రెండో తెగ. 2013లో విండోస్ 8.1తో, మానిటర్ మానిటర్‌కూ విడిగా ఎరుక గల మూడో తెగ పుట్టింది. ఆ ఎరుక చాలడం లేదని 2017లో దానికే రెండో కూర్పు వచ్చింది. ప్రోగ్రాం ఏ తెగదో ఎవరు తేలుస్తారు? ప్రోగ్రామే. మానిఫెస్ట్ అనే చోట ‘నాకు ఎరుక ఉంది’ అని ఒక్క వరుస రాసుకుంటే చాలు, విండోస్ నమ్మేస్తుంది. పరీక్ష లేదు, వాకబు లేదు. నిజంగా ఎరుక లేకుండా ఆ వరుస రాసుకున్న ప్రోగ్రాముల కిటికీలను విండోస్ సాగదీయదు. వాటి అక్షరాలు చీమల్లా ఉన్నా తేటగానే ఉంటాయి. ఎరుక లేదని నిజాయితీగా ఊరుకున్నవి సాగి, ఉబ్బి, మసకబారతాయి. జావా 8 మీద నడిచే ఆఫీసు ప్రోగ్రాములు చాలావరకు ఉందని బొంకిన రకం. జావా 9 వచ్చి 2017లోనే దాన్ని సరిచేసినా, పాతదాన్ని వదలని ఆఫీసుల పుణ్యమా అని ఆ చీమల దండు ఇప్పటికీ కనిపిస్తుంది. సత్యసంధుడికి దక్కే ఫలమేమిటో పిల్లలకు నేర్పాలంటే హరిశ్చంద్రుడి దాకా పోనక్కర్లేదు.

వాడేవాడికి స్వేచ్ఛ లేదని మాత్రం ఎవరూ అనలేరు. ప్రోగ్రాం గుర్తు మీద కుడి క్లిక్ కొట్టాలి. ప్రాపర్టీస్. అందులో కంపాటిబిలిటీ అనే ట్యాబు. దాని అడుగున ‘చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్’ అనే బటన్. ఇంకో కిటికీ తెరుచుకుంటుంది. దాని అడుగున మళ్లీ ఒక గడి. అందులో టిక్కు పెడితే అప్పటిదాకా బూడిదరంగులో ముడుచుకుని ఉన్న జాబితాకు ప్రాణం వస్తుంది. అందులో మూడు వరాలు: అప్లికేషన్, సిస్టమ్, సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్. ఏది కోరుకుంటే ఏమవుతుందో అక్కడ రాసి ఉండదు. వరాలకు వివరణ అడగకూడదు. మొదటిది కోరుకుంటే కిటికీ కుంచించుకుపోతుంది. రెండోది కోరుకుంటే మసకబారుతుంది. మూడోది కోరుకుంటే, ప్రోగ్రాం పాత పద్ధతిలో గీసేది అయితే, అక్షరాలు తేటగా వస్తాయి, వాటి పక్కనున్న బొమ్మలు మసకగానే ఉంటాయి. ఒక్క కిటికీలోనే ఒక కంటికి కళ్లజోడు పెట్టినట్టు, ఇంకో కంటికి తీసేసినట్టు. ఇది ప్రోగ్రాం ప్రోగ్రాంకూ విడివిడిగా చేసుకోవాలి. ఆదివారం మధ్యాహ్నాలు ఎలా గడపాలా అనుకునేవాళ్లకు ఆసరా.

2018లో ఇంకో మెట్టు ఎక్కారు. మసకగా ఉన్న యాప్‌లను సరిచేయడానికి ‘ప్రయత్నించే’ స్విచ్ ఒకటి సెట్టింగ్స్‌లో పెట్టారు. సరిచేస్తానని కాదు, ప్రయత్నిస్తానని. ఇంతటి సంస్థ అంత వినయంగా మాట్లాడటం చూసి నాకు ముచ్చటేసింది. కరెంటు ఆఫీసు వాళ్లు కూడా సాయంత్రానికి వస్తుందనే అంటారు.

మన ఊళ్ల డీటీపీ సెంటర్ల మీద ఈ కటాక్షం ఇంకాస్త ఎక్కువ. శుభలేఖలు, కరపత్రాలు, దశదిన కర్మ కార్డులు, ఇలాంటివాటికి ఇప్పటికీ చాలాచోట్ల పేజ్‌మేకర్, అను ఫాంట్లే దిక్కు. పేజ్‌మేకర్ 7 వచ్చింది కూడా 2001లోనే. ఐబీఎం వారి ఆ మానిటర్‌కు ఈడుజోడు. ఒకరి మొహం ఒకరు చూసుకున్న దాఖలా మాత్రం లేదు. ఎరుక ప్రకటించుకునే వరుస పుట్టకముందే పుట్టిన సాఫ్ట్‌వేర్ కాబట్టి విండోస్ దాన్ని సాగదీసే చూపిస్తుంది. తెలుగు అక్షరం సంగతి తెలిసిందే. థకూ ధకూ తేడా కడుపులో ఒక చుక్క. పకూ ఫకూ తేడా కింద చిన్న గీత. ఒత్తుల మాట చెప్పనక్కర్లేదు. పన్నెండు పాయింట్ల సైజులో ఆ థలోని చుక్క తెర మీద ఒకటో రెండో పిక్సెళ్లు. దాన్ని ఒకటిన్నర రెట్లు సాగదీసేసరికి చుక్కా, చుట్టూ ఉన్న గీతా ఒకటైపోయి బూడిదరంగు ముద్ద మిగులుతుంది. వేళ్ల జోరులో ‘వధువు’ కాస్తా ‘వథువు’ అయినా ఆపరేటర్‌కు తెలిసే వీలు లేదు. తెర మీద రెండూ ఒక్కలాగే ఉన్నాయి. తన తప్పు తన కంట పడి మనసు కష్టపెట్టుకోకుండా స్కేలింగ్ అతన్ని కాపాడింది.

కానీ కార్డులు అచ్చయ్యాక వాటి బొమ్మ ఒకటి వాట్సాప్‌లో వెళుతుంది. పెళ్లికూతురి మేనమామ దాన్ని ఫోన్‌లో తెరిచి, రెండు వేళ్లతో పెద్దది చేసి చూస్తాడు. అక్కడ ఏ మసకా లేదు.

‘ఏం బాబూ, వధువుకు చుక్క పెట్టారేంటి?’

‘పెళ్లికూతురికి బుగ్గన చుక్క ఉండాలి కదండీ’ అనగలిగిన ఆపరేటర్ బతికిపోతాడు. అనలేనివాడు కార్డులన్నీ మళ్లీ వేసిస్తాడు. కొత్త మానిటర్ కొన్నందుకు షాపుకు కాగితం ఖర్చు ఇలా పెరిగితే, కాగితం కొట్టువాడి ఇల్లు గడుస్తుంది. లోకంలో డబ్బు చేతులు మారుతుండాలని ఆర్థికవేత్తలు చెబుతూనే ఉన్నారు.

ఇక రెండు తెరలు ఉన్నవాళ్ల భాగ్యం. హైటెక్ సిటీలో సగం బల్లల మీద ల్యాప్‌టాప్ ఒకటి, పక్కన మానిటర్ ఒకటి. ల్యాప్‌టాప్ 200 శాతంలో, మానిటర్ 100 శాతంలో ఉన్నాయనుకుందాం. ఎరుక గల కిటికీనే పట్టుకుని ఇక్కడినుంచి అక్కడికి లాగండి. సగం దాటేదాకా అది పాత తెర కొలతనే నమ్ముకుని ఉంటుంది. మానిటర్ మీదకు వచ్చిన భాగం భూతంలా, వెనక మిగిలిన భాగం బుద్ధిగా కనిపిస్తాయి. సగం దాటిందో లేదో, కిటికీ మొత్తం ఒక్కసారి గుప్పున ముడుచుకుంటుంది. కొన్నిసార్లు పట్టుకున్న బాణం గుర్తు ఒకచోట, కిటికీ ఇంకోచోట. వామనుడు త్రివిక్రముడు కావడం పురాణాల్లో విన్నాం. త్రివిక్రముడు వామనుడు కావడం ఇక్కడే చూడాలి. ఇక రెండో తెగ ప్రోగ్రాముల నిష్ఠ చెప్పనలవి కాదు. లాగిన్ అయినప్పుడు ఏ తెర ముందు కళ్లు తెరిచాయో ఆ తెర కొలతనే చివరిదాకా పట్టుకుని ఉంటాయి. మీటింగ్‌కు పోతూ కేబుల్ పీకేసి ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుంటే అవి విరహంతో మసకబారతాయి. మళ్లీ మామూలు కావాలంటే ఒక్కోసారి సైన్ అవుట్ అయి సైన్ ఇన్ కావాల్సి వస్తుంది. తెరిచిన ఇరవై ఫైళ్లూ మూసి, పాస్‌వర్డ్ కొట్టి, అన్నీ మళ్లీ తెరవాలి. పునర్జన్మ అబద్ధమనేవాళ్లు రోజూ రెండుసార్లు దాన్ని అనుభవిస్తున్నారు.

ఆపిల్ వాళ్ల దారి వేరు. వాళ్లది భోగమార్గం. రెటీనా తెర 2010లో ఐఫోన్ 4తో, 2012లో మ్యాక్‌బుక్ ప్రోతో వచ్చినప్పుడు అన్నీ రెట్టింపు అనే ఒకే సూత్రం పెట్టుకున్నారు. ఒక చుక్కకు అటు రెండు, ఇటు రెండు, మొత్తం నాలుగు. అర చుక్కల గొడవే లేదు. పొగడటానికి ఏమీ దొరకదేమోనని కాసేపు భయపడ్డాను. కానీ ఆ మ్యాక్‌కు 27 అంగుళాల 4కే మానిటర్ తగిలించండి. రెట్టింపు పెడితే అన్నీ బండగా ఉంటాయి. పెట్టకపోతే అన్నీ సన్నగా ఉంటాయి. మధ్యస్థంగా 2560 బై 1440 లాగా కనిపించాలని అడిగితే మ్యాక్ ఏం చేస్తుందంటే, దాన్ని రెట్టింపు చేసి 5120 బై 2880 కొలతలో, కోటీ 47 లక్షల చుక్కలతో ఎక్కడా లేని ఒక తెరను లోపల్లోపల గీస్తుంది. తర్వాత దాన్ని 83 లక్షలకు నొక్కి మన ముందు పెడుతుంది. తెర మీద ఏది కదిలినా, సెకనుకు ఎన్నోసార్లు ఇదే పని. వడ్డించినదాంట్లో పదింట నాలుగు పాళ్లకు పైగా కిందపోసినా విస్తరి నిండుగా ఉందా లేదా అన్నదే మర్యాద. ఇలా చేస్తే వేగం తగ్గొచ్చు సుమా అని సెట్టింగ్స్‌లో ముందే ఒక మాట రాసి ఉంచారు కూడా.

లినక్స్ వాళ్ల గురించి క్లుప్తంగా చెబుతాను, వాళ్లు ఎక్కువ పొగిడించుకోరు. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో చాలాకాలం 100 శాతం ఒకటి, 200 శాతం ఒకటి; మధ్యలో లోకం ఉందన్న సంగతి 2019లో ప్రయోగాత్మకంగా ఒప్పుకున్నారు. అదీ టెర్మినల్‌లో ఒక ఆదేశం కొట్టినవాళ్లకే. లినక్స్‌లో తెర మీద కిటికీలను చూపే వేలాండ్ అనే ఏర్పాటులో భిన్నాల స్కేలింగ్‌కు పద్ధతి అంటూ కుదిరింది 2022లో. ఈలోపు జీడీకే స్కేల్, క్యూటీ స్కేల్ ఫ్యాక్టర్ అంటూ ఒక్కో కుటుంబం ప్రోగ్రాములకు ఒక్కో మంత్రం. మొదటిది పూర్ణాంకాలు తప్ప వినదు. భిన్నాలు మాయ అని దాని సిద్ధాంతం.

అన్నిటికన్నా నిరాశ కలిగించేది మన చేతిలోని ఫోన్. 2009 నుంచీ ఆండ్రాయిడ్‌లో కొలతలు తెర చుక్కల్లో కాకుండా, అంగుళానికి 160 అని ఊహించుకున్న ఒక ప్రమాణంలో రాయమన్నారు. ఎన్ని కంపెనీలు, ఎన్ని సైజులు, ఎన్ని రకాల తెరలు వచ్చినా బటన్ బటన్‌లాగే ఉంటుంది. పది వేల రూపాయల ఫోన్‌లో కూడా ఈ లీలావిలాసం ఛాయ కనబడదు. బ్రౌజర్లూ అంతే, బుద్ధిగా ఉంటాయి. ఇలాంటి నిస్సారమైన వాటితో పెరిగిన పిల్లలు రేపు ఆఫీసుకు వెళ్లి లక్షన్నర ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, అందులో అక్షరాలు ఎందుకు అలుక్కుపోయాయని అడుగుతారు. వాళ్లకు ఏమని చెప్పాలి? వెనకటి ప్రోగ్రాములను చాలావరకు పారేయకుండా నలభై ఏళ్లుగా మోసుకొచ్చిన కొంప అది, ఫోన్‌కు ఆ బరువు లేదు అని చెప్పొచ్చు. ఈ ఒక్కమాట నేను వ్యంగ్యం లేకుండానే అంటున్నాను, మిగతాది పొగడ్త.

అసలు తప్పెవరిదో పట్టుకుందామని బయల్దేరినవాడికి కలిగే జ్ఞానమే వేరు. మానిటర్‌ను అడిగితే, నా వెడల్పు ఇన్ని సెంటీమీటర్లు, ఎత్తు ఇన్ని సెంటీమీటర్లు అని కేబుల్ పెట్టిన క్షణమే చెప్పాను అంటుంది. నిజమే, చెబుతుంది. విండోస్‌ను అడిగితే, ఆ కొలత చూసే 150 శాతం మేలని సూచించాను, ప్రోగ్రాం తన ఎరుక ప్రకటించకపోతే నేనేం చెయ్యను అంటుంది. నిజమే. ప్రోగ్రాం రాసినవాళ్లను అడిగితే, మేము వాడిన తయారీ సరుకులోనే ఆ కొలతలున్నాయి, దాన్ని మార్చాలంటే మొత్తం తిరగరాయాలి, అయినా విండోస్ సాగదీసి చూపిస్తోంది కదా, నడుస్తోంది కదా అంటారు. అదీ నిజమే. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం. చివరికి మిగిలేది డబ్బు కట్టినవాడు ఒక్కడే. అతనికి సైన్ అవుట్ కమ్మని చెబుతారు.

ఈ మార్గంలో సిద్ధి పొందినవాళ్లూ మన మధ్యే తిరుగుతున్నారు. వాళ్లు వరాల జాబితాలు మానేశారు, తెగల గొడవ మానేశారు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లి, 27 అంగుళాల 4కే మానిటర్‌ను 1920 బై 1080కి దించి, స్కేలింగ్‌ను నూటికి నూరు శాతం పెట్టేసుకున్నారు. ఇప్పుడు పేజ్‌మేకర్, జావా 8, ఎరుక ఉన్నవి, లేనివి, ఉందని బొంకినవి అన్నీ ఒకే సైజులో, ఒకే తీరుగా, దశాబ్దం కిందటి మానిటర్‌లో ఎలా ఉండేవో అలాగే ఉన్నాయి. ఒక్కో చుక్కను నాలుగు చుక్కలు మోస్తున్నాయి; ఆ మోయడంలో మానిటర్ తన వంతుగా అంచులు కాస్త మెత్తన చేస్తుంది, అంతే. వాళ్లలో ఒకరిద్దరు ఇప్పుడు 8కే మానిటర్ ధర కనుక్కుంటున్నారు. 7680 బై 4320, అంటే 3 కోట్ల 31 లక్షల పైచిలుకు చుక్కలు. ఫుల్ హెచ్‌డీకి దించుకుంటే ఒక్కో చుక్కకు సరిగ్గా పదహారు చుక్కలు, శేషం లేకుండా కుదురుతుందట.